ఇంజనునకును ఇరుసునకును నడుమ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నన్ను మాటలాడుమని కోరినవారు నేను ఏ ప్రబంధమును గురించియో, ఏ పురాణఘట్టమును గురించియో ప్రసంగింతునని తలచియుందురు. ఆ తలపునకు నేనే కారకుడను. ఈ వసారాలో కూర్చుండి ఏండ్ల తరబడి భారతము చదివి వినిపించినవాడను. కాని మొన్న రజతోత్సవము నిమిత్తము పుస్తకముల అరువు రిజిస్టరు తిరుగవేయగా నాకొక సంగతి తెలిసినది. నవలల తరువాత మన ఊరివారు మిక్కిలిగా తీసికొనిపోయిన పుస్తకము భారతము కాదు, మోటారు మెకానిజము. దాని పుటలయందు గ్రీజు వ్రేలిముద్రలు పడియున్నవి. భారతపు పుటలు మాత్రము తెల్లగానే యున్నవి. కావున నేడు మీరు చదువుచున్నదానిని గురించియే మాటలాడుట మర్యాద యని తోచినది.

ఉద్దానములో లారీతో సంబంధము లేని ఇల్లు అరుదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు తోటల కొబ్బరికాయ లారీ ఎక్కవలెను. పలాస జీడిపప్పు లారీ ఎక్కవలెను. టెక్కలి రాయి, నౌపడా ఉప్పు అన్నియు దానిపైననే పోవలెను. 2018 అక్టోబరు 11వ తేదీ తిత్లీ తుపాను మన తోటలను నేలకూల్చినప్పుడు ఆ పడిన చెట్ల మొద్దులను మోసికొనిపోయినదియు లారీయే. ఇన్ని మోయు లారీ ఇరుసును త్రిప్పునది ఏదియని అడిగినచో ఇంజను అందురు. నిజమే. కాని ఇంజను ముందున్నది, ఇరుసు వెనుకనున్నది. ఆ రెంటి నడుమనున్న ఇనుపగొట్టమును గురించి ఎవరును తలచరు. దానిని తలచకపోవుటచే జరిగినదొకటి చెప్పెదను. అందు నా పాలు గలదు.

అది 1996వ సంవత్సరము. కరణీకములు 1984లోనే రద్దయినవి గాని పిలుపు మాత్రము మా ఇంటిని వదలలేదు. నేను ఊరి లెక్కలతోపాటు ఒక కొబ్బరి వర్తకుని ఖాతాలు కూడ వ్రాయుచుంటిని. ఆయనకు తండ్రినాటి లారీ ఒకటి యుండెను. ముందు జాలీమీద మూడు మొనల నక్షత్రము గల పాత టాటా మెర్సిడెస్ బెంజి. పొట్టి ఛాసిస్సు. టాటావారు జర్మనీ దేశపు డైమ్లర్ బెంజి కంపెనీతో 1954లో ఒడంబడిక చేసికొని జంషెడ్‌పూరులో ఆ లారీలు చేసిరి. 1969లో ఆ ఒడంబడిక ముగిసిన తరువాత నక్షత్రము పోయి టాటావారి సొంత గుర్తు వచ్చినది. ఆ కాలపు ఛాసిస్సులు అరుగవని మా వర్తకుని నమ్మకము. ఇంజను మాత్రము అరిగినది. ఛాసిస్సును విడువలేక, ఇంజనును భరింపలేక, తుక్కునకు పోవుచున్న ఇంకొక లారీనుండి కాస్త పెద్ద ఇంజనును గేరుబాక్సుతో సహా కొని, దానిలో పెట్టించినాడు.

ఈ మార్పిడి మన దేశమునకు క్రొత్త కాదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట సైన్యపు మిగులు లారీలు ఎన్నియో వేలములో ప్రజలచేతికి వచ్చినవి. వానిలో చాలవరకు పెట్రోలు బండ్లు. పెట్రోలు ఖర్చు తాళలేక యజమానులు పర్కిన్సు వంటి డీజిలు ఇంజనులను వానిలో బిగించిరి. అది ఒక విద్యగానే పెరిగినది. విజయవాడ ఆటోనగరుకు పోయి చూచినవారికి ఆ విద్య ఎంత ఎదిగినదో తెలియును. అయితే ఇంజను మార్చినప్పుడు రిజిస్టరు చేయు అధికారి అనుమతి పొందవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. ఆ కాగితము మాత్రము మా వర్తకుడు సరిగా చేయించినాడు. తప్పు జరిగినది కాగితములో కాదు.

ఇంజను షెడ్డులో బిగించుచుండగా చూచిరమ్మని నన్ను పంపిరి. క్రొత్త గేరుబాక్సు అడుగుభాగము ఛాసిస్సు అడ్డకమ్మికి తగులుచుండెను. కావున దాని వెనుక దిమ్మెలక్రింద ఇనుపముక్కలు వేసి పైకెత్తినారు. అప్పుడు నేను పాండిత్యము చూపితిని. నా చేతిసంచిలోని రసమట్టము తీసి ఇంజను తలమీద పెట్టితిని. బుడగ సరిగా నడుమ నిలిచినది. "బేషు! మట్టముగా ఉన్నది" అంటిని. షెడ్డువారు సంతోషించిరి. నేనును సంతోషించితిని. ఇంటిగోడకు మట్టము మంచిదైనప్పుడు ఇంజనుకు మాత్రము చెడ్డ ఎట్లగును అనుకొంటిని.

ఒక నెల గడచునప్పటికి డ్రైవరు వచ్చి, "కరణంబాబూ, ఖాళీబండి తోల్తంటే కాళ్లకింద రేకు అదురుతాంది. బరువేస్తే కొంచెం తగ్గుతాంది. ఏటో ఉందండి బండిలో" అన్నాడు. నేను విని ఊరకుంటిని. తరువాత క్రాసు పోయినదన్నాడు. కొనుటకు డబ్బిచ్చితిని. మూడు వారములకు మరల క్రాసు. తరువాత గేరుబాక్సు తోక సీలు. మరల క్రాసు. నాల్గవసారి నేను ఖాతాలో "డ్రైవరు అజాగ్రత్తవలన" అని వ్రాసి, వెల అతని బత్తాలో తగ్గించితిని. అతడు ఏమియు అనలేదు. ఆ తరువాతి రెంటికిని అట్లే చేసితిని.

కర్ణపర్వము నేనెన్నిసార్లు చదివితినో లెక్కలేదు. సారథి మాట వినని రథికుని గతి ఏమైనదో సభకు అర్థము చెప్పినవాడను. శల్యుడు అధైర్యపరచుటకు పలికినాడు, మా డ్రైవరు హెచ్చరించుటకు పలికినాడు. ఆ భేదము గ్రహించుటకు చదువు చాలలేదు.

ఐదవ నెలలో ఒకరాత్రి కాయల బరువుతో విశాఖపట్టణము పోవుచుండగా, కాశీబుగ్గ దాటిన పిమ్మట టెక్కలికి ఇవతల, ముందు క్రాసు విరిగినది. ఖాళీబండిలో అరిగినది బరువుబండిలో విరుగుట సహజము. షాఫ్టు ముందుకొన క్రిందపడి, వెనుకకొన ఇంకను తిరుగుచు, చేతికందినదానినెల్ల కొట్టుకొన్నది. బ్రేకు గొట్టము తెగినది. డ్రైవరు ఎదుటివచ్చు బస్సును తప్పించి, కోతకోసిన పొలములోనికి బండిని దింపినాడు. లారీ ఒక ప్రక్కకు ఒరిగిపోయినది. క్లీనరు కుఱ్ఱవాడు, పదునేడేండ్లవాడు, కాలు విరిగి రెండునెలలు మంచము పట్టినాడు. అతడు నేడు ఈ సభలోనే యున్నాడు. పేరు చెప్పవద్దన్నాడు.

బండిని ఈడ్చి తెచ్చినపిదప కాశీబుగ్గనుండి ఒక ముసలి మేస్త్రీని పిలిపించిరి. ఆయన పానా ముట్టుకొనలేదు. తొలుత నన్నడిగినది ఇది: "బాబూ, ఇంజను మార్చక ముందు ఏడాదికి ఎన్ని క్రాసులు కొన్నారు? మార్చినాక ఎన్ని?" ఖాతా తెచ్చి చూపితిని. మార్చక ముందు పదునొకండు నెలలలో ఒకటి. మార్చిన పిదప ఐదునెలలలో ఆరు. "మరింకేటి చూడాలి? మీ పుస్తకమే చెప్తాంది" అన్నాడు. నా చేతివ్రాతలో ఐదునెలలుగా ఉన్న సంగతిని నేను చదువలేదు.

ఇప్పుడు ఆ క్రాసు అనునదేమో చెప్పెదను. ఎద్దుబండిలో ఇరుసు మోయును గాని త్రిప్పదు. ఈడ్చునవి ఎద్దులు. మోటారుబండిలో ఇరుసునే త్రిప్పవలెను. ఆ ఇరుసో కమానుకట్టలపై ఊగుచుండును. ఇంజను ఛాసిస్సుకు బిగిసియుండును. నిలుకడగానున్నదానికి, ఊగుదానికి నడుమ తిరుగుడును అందింపవలెనన్నచో వంగుచు తిరుగు కీలు కావలెను. రెండు పంగలు, వాని నడుమ కూడికగుర్తు ఆకారముగల ఇనుపముక్క. అదియే క్రాసు. దీనిని ఇటలీ పండితుడు జిరోలమో కార్డానో (1501–1576) పేరిట కార్డాన్ కీలనియు, ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ (1635–1703) పేరిట హుక్ కీలనియు పిలుతురు. ఈ హుక్కే స్ప్రింగు సాగుదల బరువునుబట్టి యుండునని నియమము చెప్పినవాడు. కమాను ఎంత క్రుంగునో చెప్పినదియు, ఆ క్రుంగుటచే వంగు కీలునకు పేరైనదియు ఒక్కడే యగుట నాకు వేడుకగా నుండును.

ఈ కీలునకొక దోషము గలదు. వంపులో తిరుగునప్పుడు ఇచ్చు వేగము సమముగా నుండదు. ముందుగొట్టము ఒకే వేగమున తిరుగుచున్నను, వెనుకగొట్టము ఒక్కొక్క చుట్టులో రెండుసార్లు ముందునకు తొందరపడును, రెండుసార్లు వెనుకబడును. వంపు 3 డిగ్రీలైనచో ఈ తేడా నూటికి ఏడవవంతు మాత్రమే. 10 డిగ్రీలైనచో నూటికి ఒకటిన్నర. 20 డిగ్రీలైనచో నూటికి ఆరుకు పైబడును. వంపు రెట్టింపైనచో ఒడుదుడుకు నాలుగింతలగునని గుర్తుంచుకొనుడు. నిమిషమునకు 2000 చుట్లు తిరుగు షాఫ్టు నిమిషమునకు 4000 సార్లు ఇట్లు తొందరపడి తగ్గును. అదియే డ్రైవరు కాళ్లక్రింద రేకు అదురుట.

మరి లోకములోని లారీలన్నియు ఎట్లు నడచుచున్నవి? షాఫ్టు వెనుకకొనను రెండవ క్రాసు గలదు. మొదటిది చేసిన తప్పును రెండవది సరిగా ఎదురుతప్పు చేసి కొట్టివేయును. కావడి మోయువాడు ముందుకుండ ఊగునప్పుడు వెనుకకుండతో సరిచేసినట్లు. కాని దానికి రెండు షరతులు. షాఫ్టు రెండుకొనల పంగలు ఒకే తలములో నుండవలెను. షాఫ్టును విప్పి మరల జొనుపునప్పుడు పండ్లు ఒకటి తప్పినను ఇది చెడును. అందుకే అక్కడ బాణపు గుర్తులుండును. మా లారీలో అది సరిగానే యుండెను. రెండవ షరతు, ముందు క్రాసు వంపును వెనుక క్రాసు వంపును సమానముగా నుండవలెను. అనగా గేరుబాక్సు తోక చూచు దిక్కును, హౌసింగులోని పినియను చూచు దిక్కును సమాంతరముగా నుండవలెను.

గమనించుడు. సమాంతరము కావలెను, మట్టము కాదు. నేను బుడగ నడుమకు వచ్చినదని మురిసినది అందుకే తప్పు. ఆ లారీ హౌసింగు పినియను మొదటినుండి వెనుకకు 4 డిగ్రీలు వాలి, ముక్కు కొంచెము పైకెత్తి యుండెను. పాత ఇంజను కూడ అట్లే 4 డిగ్రీలు వెనుకకు వాలియుండెను. మేము క్రొత్తదానిని చక్కగా సున్నకు నిలిపితిమి.

మేస్త్రీ కొలచిన విధము చెప్పెదను, మీకు పనికివచ్చును. బండిని జాకీమీద ఎత్తి చక్రములు వ్రేలాడుచుండగా కొలువరాదు. చదునైన నేలమీద, టైర్లపై నిలిపి, ఎప్పుడును మోయు బరువు వేసి ఒకసారి, ఖాళీగా ఒకసారి కొలువవలెను. కొలతలు మూడు: గేరుబాక్సు వాలు, షాఫ్టు వాలు, పినియను వాలు. వాలులు ఒకేవైపునకైనచో ఒకదానినుండి ఒకటి తీసివేయవలెను. ఎదురెదురుగా నున్నచో కూడవలెను. వచ్చినదే క్రాసు పనిచేయు వంపు. బరువుతో మా గేరుబాక్సు 0, షాఫ్టు 6, పినియను 4. అనగా ముందు వంపు 6, వెనుక వంపు 2. ఖాళీగా ఛాసిస్సు పైకి లేచుటచే షాఫ్టు వాలు 8. అప్పుడు ముందు 8, వెనుక 4. మేస్త్రీ లెక్కలో బరువుబండికి ఒక్కొక్క క్రాసు 3 డిగ్రీలు దాటరాదు. ముందు వెనుకల తేడా ఒక డిగ్రీ మించరాదు. మాకు తేడా ఎల్లప్పుడును 4. ఖాళీబండి ఎక్కువ అదరుటకు కారణము ఇదే. డ్రైవరు తొలినాడే చెప్పియుండెను.

డిగ్రీలు కొలుచు పనిముట్టు ఎక్కడ తేగలమని మీరడుగవచ్చును. అడుగు పొడవుగల రసమట్టము చాలును. ఇక్కడ నా పాతపుస్తకములు కొంచెము పనికివచ్చినవి. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు వ్యాసార్ధమును 3438 కళలుగా తీసికొని జ్యాపట్టిక చెప్పినాడు. పాదవృత్తమును 24 ముక్కలు చేయగా ఒక్కొక్కటి 3¾ డిగ్రీలు, అనగా 225 కళలు. మొదటి జ్య కూడ 225 కళలే. చిన్న కోణములకు వంపును జ్యయును ఒక్కటేయని దీనివలన తెలియును. డిగ్రీకి 60 కళలు. 3438లో 60 ఎంత వంతో, 12 అంగుళములలో అంత వంతు తీసికొన్నచో అంగుళములో ఇంచుమించు అయిదవ వంతు. కాబట్టి వాలుమీద రసమట్టము పెట్టి, పల్లపుకొన క్రింద బుడగ నడుమకు వచ్చువరకు రేకుముక్కలు దొంతి వేయుడు. దొంతి మందము అంగుళములో అయిదవ వంతైన ఒక డిగ్రీ, ఎనిమిదిలో అయిదు వంతులైన మూడు డిగ్రీలు. ఈ లెక్క నేను మేస్త్రీకి చెప్పగా ఆయన, "మా గురువు అగ్గిపెట్టె పెట్టి చూసేవోడు బాబూ. రెండూ ఒకటే" అన్నాడు.

వంపులు బొత్తిగా లేకుండ చేసినచో ఇంకను మంచిది కాదా యని నేనడిగితిని. కాదట. క్రాసు కొనలయందు సూదుల వంటి సన్నని రోలర్లుండును. వంపు సున్న యైనచో అవి దొర్లవు. ఒకేచోట నిలిచి దెబ్బలు తిని గాడులు పెట్టును. కనీసము అరడిగ్రీ యైన వంపుండవలెను.

సరిచేయుట ఎట్లు జరిగినదన, దిమ్మెలక్రింది ఇనుపముక్కలు తీసి, అడ్డకమ్మిని మార్చి, గేరుబాక్సు తోకను రెండంగుళములు దింపినారు. అంతకు మించి దిగలేదు. వాలు రెండున్నర డిగ్రీలు వచ్చినది. తోక దిగుటచే షాఫ్టు వాలును రెండు డిగ్రీలు తగ్గినది. ఇంజను ఇంక రాదు కావున ఇరుసు రావలెను. కమానుకట్టకును హౌసింగు పీటకును నడుమ, మందమైన కొన ముందువైపునకు వచ్చునట్లు, ఏటవాలు చీలపట్టీలు వేసినారు. అయిదంగుళముల పీటకు ఆ కొన ఈ కొనకంటె అంగుళములో ఎనిమిదవ వంతు మందము. దానితో పినియను ముక్కు ఒకటిన్నర డిగ్రీ క్రిందికి వంగి రెండున్నరకు వచ్చినది. ఇప్పుడు బరువుతో గేరుబాక్సు రెండున్నర, షాఫ్టు నాలుగు, పినియను రెండున్నర. ముందు వెనుకలు రెండును ఒకటిన్నర. ఖాళీగా రెండును మూడున్నర. ఖాళీబండికి ఆ కొంచెము హెచ్చు పరవాలేదనియు, బలముగా ఈడ్చునప్పుడు పినియను ముక్కు పైకి లేవజూచును గాని ఇంత గట్టి కమానులతో అది స్వల్పమనియు మేస్త్రీ అన్నాడు. కమాను యూబోల్టులు రెండురోజులు తోలినపిదప మరల బిగింపుమన్నాడు. షాఫ్టు ముందుకొనక్రింద ఇనుపపట్టీ ఒకటి ఉచ్చువలె కట్టినాడు. క్రాసు మరల విరిగినను గొట్టము నేల తాకకుండుటకు. ఆ పట్టీకై మేస్త్రీ అడిగినది నేను డ్రైవరు బత్తాలో తగ్గించిన మొత్తముకంటె తక్కువ.

రెండుముక్కల షాఫ్టు, నడుమ బేరింగు గల పొడుగు బండ్లకు మూడు క్రాసులుండును. వాని లెక్క వేరు. దానిని వేరొకనాడు చూతము.

ఆ తరువాత లారీ పదునాలుగు నెలలు ఒకే క్రాసు జతతో నడచినది. నా ఖాతాలో ఆ పుట ఖాళీగా నున్నది. ఖాళీపుటను చూచి నేనంతగా సంతోషించుట అదియే మొదలు.

డ్రైవరుకు తగ్గించిన బత్తా 480 రూపాయలు తిరిగి ఇయ్యవలెనని వర్తకునితో అంటిని. "వ్రాసినది వ్రాసినదే" అన్నాడాయన. నా జీతములోనుండి తీసి డ్రైవరు ఇంటికి తీసికొనిపోతిని. అతడు పుచ్చుకొనలేదు. "డబ్బులకేటి బాబూ. అజాగ్రత్త అని రాశారు కదా, ఆ మాట కొట్టేయండి చాలు" అన్నాడు. లెక్కలు వ్రాయువారికి తెలియును, పద్దును కొట్టివేయరాదు. కొట్టివేసినచో లెక్క దొంగలెక్క యగును. తప్పు పద్దునకు ఎదురుపద్దు వ్రాయవలెను. ఆ సాయంకాలమే ఖాతాలో తేదీవేసి, "పై మూడు పద్దులలో డ్రైవరు అజాగ్రత్తవలన అని వ్రాసినది తప్పు. గేరుబాక్సు, పినియను వాలులు కలియనందున. రసమట్టము పెట్టి సరియన్నది నేను" అని వ్రాసి సంతకము చేసితిని. అతడు చదువుకొనలేదు. క్లీనరు చదివి వినిపించినాడు. "ఇంకోమారు సదువు" అన్నాడు. రెండవమారు విని డబ్బు పుచ్చుకొన్నాడు.

ఆ ఖాతాపుస్తకమును, మేస్త్రీ సుద్దముక్కతో నేలమీద గీసిన బొమ్మకు నేను చేసికొన్న నకలును నేడు గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. మోటారు మెకానిజము పుస్తకము ప్రక్కనే పెట్టుమని లైబ్రేరియనుగారిని కోరుచున్నాను. గ్రీజు అంటినను నాకు అభ్యంతరము లేదు. సెలవు.